ఫొటోలో ఉన్నది ఏ పెద్దమ్మ?

షోలాపూర్‌లోని మా బడిలో ఆరో తరగతి అమ్మాయి ఒకరోజు పాత ఫొటో తెచ్చింది. కుర్చీలో కూర్చున్న నిండు మనిషి, చేతుల నిండా గాజులు. ‘మా నాయనమ్మ వాళ్లమ్మ’ అంది. ఏటా పెత్రమాస నాడు వాళ్లింట్లో ఆ ఫొటోకు దండ వేసి, ఆమె పేరున బియ్యం ఇస్తారు.

అద్దం పగిలిందని ఫ్రేము విప్పితే వెనక పెన్సిలు రాత కనిపించిందట: ‘బహుధాన్య. మా పెద్దమ్మ.’ ఆ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం ఈ పిల్లకొక్కదానికే వచ్చు. రాత కాలం చేసిన నాయనమ్మదేనని ఆమె పాత ఉత్తరంతో పోల్చి చూశాం.

తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. బహుధాన్య 1998లో వచ్చింది, అంతకుముందు 1938లో. అట్టకు అతికించిన ఆ గోధుమరంగు ఫొటో 1998 నాటిది కాదని చూస్తేనే తెలుస్తుంది. బోర్డు మీద లెక్క వేశాం. నాయనమ్మ 1950లో పుట్టింది. అప్పటికి వాళ్లమ్మకు ఇరవై ఏళ్లు. అంటే 1938లో ఎనిమిదేళ్ల పిల్ల. ఫొటోలో మనిషి ఆమె కాదు!

మరి ఏ పెద్దమ్మ? మరాఠీలో తల్లి అక్క మావశి, పెదనాన్న భార్య చులతి. మనకు ఇద్దరూ పెద్దమ్మలే. నాన్న మొదటి భార్యనూ అలాగే పిలుస్తాం. సిరిసిల్లలో తొంభై దాటిన బంధువు ఒకావిడ ఉన్నారంటే, ఫొటో చూపించి ‘ఈమె ఎవరు?’ అని మాత్రమే అడగమన్నాం. పేరు మనమే అందిస్తే పెద్దవాళ్లు కాదనలేక ఔననేస్తారు. ఆవిడ చూడగానే పేరు పెట్టి చెప్పారట. నాయనమ్మ వాళ్లమ్మకు సొంత అక్క. తొలి కాన్పులో పోయింది. తర్వాత చెల్లెలిని అదే ఇంటికి ఇచ్చారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఫొటోలుంటే వెనకవైపు చూడండి. అద్దానికి అంటుకుపోయి ఉంటే మాత్రం లాగొద్దు. తెలిసిన పేరు మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్నుతో రాస్తే ముఖం మీద అచ్చు పడుతుంది. కోటు, గడియారం చూసి ముత్తాత ఉద్యోగస్తుడని మురిసిపోకండి. అవి స్టూడియోవాళ్లు అరువిచ్చినవీ కావచ్చు.

ఈ పెత్రమాసకు ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరి పేరునా బియ్యం ఇచ్చారు. చెల్లెలి ఫొటో ఇంకా దొరకలేదు.