పరిచర్యలో మార్పు: చక్రము క్రింది రాయి

ఆసుపత్రిలో రోగికి ఏదైన హాని జరిగినప్పుడు మన నోట మొదట వచ్చు ప్రశ్న "ఎవరు చేసినారు?" అనునది. పేరు తెలిసినంతనే విచారణ ముగిసినట్లు భావింతుము. ఆ నర్సును మందలింతురు, లేదా వేరొక వార్డునకు మార్చుదురు. కొన్నాళ్లకు ఆమె స్థానమున వచ్చిన మరియొక నర్సు, అదే చోట, అదే తప్పు చేయును. మనుష్యులు మారినను తప్పు మారకున్నచో, దాని మూలము మనుష్యులలో గాక వారు పనిచేయు ఏర్పాటులో ఉన్నదేమో అని సందేహింపవలెను. ఈ సందేహమునకు సమాధానము వెదకుటలో తోడ్పడు రెండు ఆలోచనలు నేడు నర్సుల విద్యలో స్థానము పొందియున్నవి. ఒకటి వ్యవస్థాదృష్టి, రెండవది మార్పును గూర్చిన సిద్ధాంతము.

వ్యవస్థ అనగా ఒకదానిపై నొకటి ఆధారపడి పనిచేయు భాగముల కూర్పు. మన ఊరి చెరువునే తీసికొందము. వాగు, కట్ట, తూము, కాలువ, పొలము – ఇవన్నియు కలిసి ఒకే ఏర్పాటు. చివరి మడికి నీరు అందలేదని ఆ మడి రైతును నిందించుట వలన ప్రయోజనము లేదు. తూము పూడినదేమో, కాలువ ఎక్కడనైన గండిపడినదేమో చూడవలెను. భాగములను విడివిడిగా గాక వాని పరస్పర సంబంధములతో చూడవలెనన్న ఈ భావమును ఆస్ట్రియాలో జన్మించిన జీవశాస్త్రవేత్త లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్‌ఫీ ఒక సామాన్య సిద్ధాంతముగా రూపొందించెను. ఆయన ప్రసిద్ధ గ్రంథము 1968లో వెలువడినది.

అయితే ఈ సత్యము పరిచర్యారంగమున అంతకు శతాబ్దము పూర్వమే బయటపడినది. క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ నగరమునకు ఎదుటి తీరముననున్న స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. శుభ్రమైన పక్కలు, వేళకు ఆహారము, రాత్రింబవళ్లు సేవ – ఇవన్నియు సమకూరినను ఆ శీతకాలమున మరణములు తగ్గలేదు. 1855 మార్చిలో బ్రిటిషు ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘము వచ్చి, భవనము అడుగున పూడియున్న మురుగు కాలువలను కడిగించి, గదులలో గాలి ఆడునట్లు చేసినది. ఆ తరువాతనే మరణములు వేగముగా తగ్గినవి. నర్సుల సేవలో లోపము లేదు; ఆ సేవ ఫలింపవలసిన ఇల్లే రోగగ్రస్తమై ఉండెను. నైటింగేల్ ఈ లెక్కలను 1858లో పటములతో సహా లోకమునకు చూపెను.

తూము పూడినదని తెలిసికొనుట ఒక ఎత్తు. దానిని బాగుచేయుటకు పదిమందిని కదలించుట మరియొక ఎత్తు. ఇక్కడనే రెండవ ఆలోచన అక్కరకు వచ్చును. దీనికి ఆద్యుడు కర్ట్ లెవిన్. జర్మనీలో ఆచార్యుడుగా ఉండిన ఈ యూదు మనస్తత్వ శాస్త్రవేత్త, నాజీలు అధికారమునకు వచ్చిన 1933లో అమెరికాకు వలసపోయెను. ఆయన మరణించిన సంవత్సరమగు 1947లో ప్రచురితమైన ఒక వ్యాసమున మార్పునకు మూడు దశలున్నవని సూచించెను. మన వంటయింటి భాషలో చెప్పవలెనన్న, పేరిన నేతిని ఒక గిన్నె నుండి మరియొక గిన్నెలోనికి మార్చుట వంటిది ఈ పని. మొదట కరగించవలెను, పిమ్మట పోయవలెను, చివరకు కొత్త గిన్నెలో మరల పేరనీయవలెను. కరగింపక పోయబూనినచో గిన్నె వంచిన చేయి నొచ్చును గాని నేయి కదలదు. పేరకముందే కదపినచో ఒలికిపోవును. అలవాట్లును అట్టివే.

లెవిన్ చెప్పిన మరియొక విషయము ఇంకను ముఖ్యమైనది. ఏ అలవాటునైనను ముందుకు నెట్టు శక్తులు కొన్ని, వెనుకకు పట్టియుంచు శక్తులు కొన్ని ఉండును. బండి చక్రము క్రింద రాయి అడ్డుపడినప్పుడు ఎడ్లను అదలించువాడు ఒకడు. దిగి రాయిని తొలగించువాడు మరియొకడు. మొదటివాని పద్ధతి వలన ఎడ్లు బెదరును, కాడి విరుగును. నెట్టుడు పెంచుటకంటె అడ్డు తొలగించుట మేలని లెవిన్ అభిప్రాయము.

ఆ అడ్డు కొన్నిసార్లు మనస్సులోనే ఉండవచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో మంచి మాంసము కొరవడగా, సామాన్యముగా తినని గుండె, మూత్రపిండములు మొదలగువానిని గృహిణులచే వండించుటకు లెవిన్ ఒక ప్రయోగము జరిపెను. కొందరు గృహిణులకు ఉపన్యాసములు ఇప్పించెను. వారిలో నూటికి ముగ్గురు మాత్రమే వండిరి. మరికొందరిని చిన్న బృందములుగా కూర్చుండబెట్టి, వారి సందేహములను వారిచేతనే చర్చింపజేసి, నిర్ణయమును వారికే వదలెను. వారిలో నూటికి 32 మంది వండిరి. బోధ వినినవారికంటె తామే నిర్ణయించుకొన్నవారు పదిరెట్లు కదలిరి.

ఈ రెండు ఆలోచనలును ఒక్కచోట కలిసి ప్రాణములు కాపాడిన ఉదంతము అమెరికాలోనే జరిగినది. తీవ్రచికిత్సా విభాగములో ఉన్న రోగికి మందులెక్కించుటకై మెడలోనో, రొమ్ము పైభాగముననో ఉన్న పెద్ద సిరలోనికి సన్నని గొట్టమును పంపుదురు. దాని వెంట సూక్ష్మజీవులు నెత్తురులోనికి ప్రవేశించినచో ప్రాణాపాయము. 2001లో బాల్టిమోరు నగరమునందలి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రొనొవోస్ట్ అను వైద్యుడు, ఈ ప్రమాదమును నివారించుటకు అయిదు మెట్లను ఒక పట్టికగా వ్రాసెను. చేతులు కడుగుకొనుట; రోగి చర్మమును క్లోర్‌హెక్సిడిన్‌తో శుద్ధిచేయుట; రోగిని శుద్ధవస్త్రముతో నిండుగ కప్పి, వైద్యుడు టోపీ, ముసుగు, అంగీ, చేతితొడుగులు ధరించుట; వీలైనంతవరకు గజ్జలోని సిరను విడిచిపెట్టుట; అవసరము తీరిన గొట్టమును వెంటనే తీసివేయుట. వీనిలో వైద్యులకు తెలియనిది ఒక్కటియు లేదు. అయినను నర్సులు గమనించి లెక్కవ్రాయగా, మూడింట ఒక వంతునకు పైగా రోగుల విషయమున ఏదో ఒక మెట్టు తప్పిపోవుచున్నట్లు తేలినది. ఆ లెక్కయే నేతిని కరగించిన వేడి.

తరువాత రాళ్లను తొలగించిరి. గొట్టము వేయుటకు కావలసిన సామగ్రి ఎనిమిది చోట్ల వరకు వెదకికొనవలసి వచ్చుచుండెను. తొందరలో ఏదో ఒకటి మానివేయుట సహజము. అన్నిటిని ఒకే తోపుడు బండిలో అమర్చిరి. గొట్టము ఇంకను అవసరమా అని ప్రతిదినము అడుగుట నియమమైనది. అన్నిటికంటె పెద్ద రాయి వేరొకటి కలదు: తప్పు కనబడినను వైద్యునితో చెప్పుటకు నర్సుకు గల జంకు. మెట్టు తప్పినచో నర్సు వైద్యుని ఆపవచ్చునని, ఆసుపత్రి యాజమాన్యము ఆమె పక్షమున నిలుచునని స్పష్టము చేసిరి.

2003లో ఈ పద్ధతి మిచిగన్ రాష్ట్రమునకు వ్యాపించినది. అక్కడి తీవ్రచికిత్సా విభాగములలో మూడవ వంతు చోట్లనైనను ఆ క్లోర్‌హెక్సిడిన్ ద్రావకము లేదని అప్పుడు తెలిసినది. లేని వస్తువును వాడలేదని ఎవరిని నిందింపగలము? యాజమాన్యములు దానిని సమకూర్చెను. ఎన్ని అంటులు కలిగినవో ఎప్పటికప్పుడు లెక్కించి పనిచేయువారికే తెలియజేయుచుండిరి. కొత్త గిన్నెలో నేయి పేరినది ఇట్లే. 2006లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము, 103 విభాగములలో గొట్టము ఉన్న ప్రతి 1000 దినములకు సగటున 7.7గా ఉండిన అంటులు ఒకటిన్నర సంవత్సరము గడచుసరికి 1.4కు దిగినవి.

అట్లని పట్టికను నకలు వ్రాసికొన్నంత మాత్రమున ఫలితము వచ్చునని తలపరాదు. 2009 నుండి 2011 వరకు ఇంగ్లండులో ఇదే పద్ధతిని అమలు జరుపగా అంటులు తగ్గినవి. కాని అప్పటికి ఆ కార్యక్రమమున చేరని విభాగములలోను అట్లే తగ్గుచుండెను. కాబట్టి ఆ తగ్గుదల కార్యక్రమము వలననే కలిగినదని చెప్పుటకు వీలులేకపోయినది. ప్రతి వ్యవస్థకు దాని చరిత్ర, దాని అడ్డంకులు దానికే ఉండును. ఒక ఊరి తూమునకు చేయించిన తలుపు మరియొక ఊరి తూమునకు సరిపడకపోవచ్చును.

ఈ దృష్టి వలన వ్యక్తి బాధ్యత తొలగిపోదు. నిర్లక్ష్యము నిర్లక్ష్యమే. అయితే నర్సును నిలదీయుటకు ముందు కొన్ని ప్రశ్నలు అడుగవలసియున్నది. ఆమె చూడవలసిన రోగులెందరు? చేతులు కడుగుకొనుటకు నీరు ఎంత దూరమున ఉన్నది? తప్పు కనబడినప్పుడు "ఆగుడు" అని చెప్పు హక్కు ఆమెకు కలదా, చెప్పిన పిమ్మట ఆమె పక్షమున నిలుచువారు కలరా? రోగి క్షేమము ఆ ఒక్క మాటపై ఆధారపడు ఘడియలు ఆసుపత్రిలో దినమునకు ఎన్నియో ఉండును.