పసిబిడ్డకు ఎక్కించే రక్తం పదిలమేనా?

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అప్పుడు పని పోయిన కుటుంబాల్లో ఒకదాన్ని మేము కలిశాము. ఆ ఇంటి తొమ్మిదేళ్ల బాబుకు తలసేమియా. మూడు వారాలకొకసారి తల్లి అతన్ని నిజామాబాద్ తీసుకువచ్చి రక్తం ఎక్కిస్తుంది. 'ఫజర్ నమాజు కాగానే బస్సెక్కుతాము. మగ్రిబ్ లోగా ఇల్లు చేరితే చాలు' అన్నదామె. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: 'భాయ్‌సాబ్, ఇంతమంది రక్తం ఎక్కిస్తున్నాము. అందులో ఏదైనా రోగముంటే?'

ఆమె భయం నిరాధారమైనది కాదు. మూడు వారాలకొక సంచి చొప్పున లెక్కించినా ఏడాదికి పదిహేడు. పదేళ్లు వచ్చేసరికి నూటయాభై మందికి పైగా దాతల రక్తం ఆ చిన్న ఒంట్లో చేరుతుంది. ఒక్క సంచి చెడ్డదైనా ముప్పే.

మన దేశంలో ప్రతి సంచినీ హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియాలకు తప్పనిసరిగా పరీక్షించాలి. అయినా దాతకు వైరస్ సోకిన తొలి రోజుల్లో మామూలు పరీక్షకు అది దొరకదు. న్యాట్ అనే పరీక్ష ఈ వ్యవధిని బాగా తగ్గిస్తుంది. కాని పూర్తిగా తొలగించదు. అది అన్ని బ్లడ్ బ్యాంకుల్లోనూ లేదు. గుజరాత్‌లోని జునాగఢ్‌లో 2011లోనూ, జార్ఖండ్‌లోని చాయిబాసాలో 2025లోనూ తలసేమియా పిల్లలకు హెచ్.ఐ.వి. ఉన్నట్లు బయటపడి దేశం ఉలిక్కిపడింది.

అలాగని రక్తం మానిపిస్తే బిడ్డ బతకడు. మరి తల్లిదండ్రులు ఏం చేయాలి? లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు రక్తమే తీసుకోవాలి. ప్రతి సంచి నంబరు, తేదీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. హెపటైటిస్-బి టీకా వేయించాలి. డాక్టరు చెప్పిన గడువుకు బిడ్డకు రక్తపరీక్షలు చేయించాలి. హెపటైటిస్-సి ముందే తెలిస్తే ఈనాడు మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందు మానరాదు. ఇనుము పెరిగితే కొన్ని సూక్ష్మక్రిములకు బలం చేకూరుతుంది. ముఖ్యంగా ప్లీహం తీసేసిన పిల్లలకు జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగరాదు.

సొంతవాళ్ల రక్తమే మంచిదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. రేపు ఎముకమజ్జ మార్పిడి చేయాలంటే ఆ రక్తమే అడ్డు కావచ్చు. డబ్బుకు రక్తం అమ్మేవారిని 1998 నుంచి నిషేధించారు. ఏ ప్రతిఫలమూ ఆశించక క్రమంగా ఇచ్చే దాతల రక్తమే అన్నిటికన్నా పదిలం.

ఆ ఇంట్లో మరో చిక్కుంది. పెద్దమ్మాయికి మేనమామ కొడుకుతో సంబంధం కుదిరింది. పరీక్ష చేయిస్తే నలుగురూ ఏమంటారోనని తండ్రి వెనుకాడుతున్నాడు. తలసేమియా వాహకులు రోగులు కారు. కాని భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. హెచ్.బి.ఎ.2 అనే రక్తపరీక్షతో చాలావరకు ఆ సంగతి తేలిపోతుంది. ఇరాన్‌లో 1997 నుంచి, సౌదీ అరేబియాలో 2004 నుంచి పెళ్లికి ముందు ఇలాంటి పరీక్ష తప్పనిసరి. దీన్ని మనమెందుకు అవమానమనుకోవాలి? నికాహ్ తేదీకన్నా ముందు ఆ పరీక్ష తేదీ పెట్టుకోమని ఆ తండ్రికి మేము చెప్పి వచ్చాము.

హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి పిల్లలకు అండగా ఉంది. కాని సంచి నింపవలసింది మనమే. ఆరోగ్యంగా ఉన్న మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి రక్తం ఇవ్వవచ్చు. రంజాన్‌లో రోజాలుంటాము కనుక ఆ నెలకు ముందే ఇవ్వండి. నెలవంక కనబడినా కనబడకపోయినా ఆ తల్లికి మూడు వారాలకొకసారి బస్సెక్కక తప్పదు.