రాజుగారి అడవి, మన గ్రామసభ

స్కూల్లో నాకు మాగ్నా కార్టా అంటే రెండు మార్కుల ప్రశ్న. 1215, రన్నీమీడ్, కింగ్ జాన్ అని రాసేసి మర్చిపోయాను. మొన్న వేసవి సెలవుల్లో భద్రాచలం దగ్గర అడవి అంచున ఉన్న అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో గ్రామసభ చూశాక మళ్ళీ గుర్తొచ్చింది.

అసలు పార్లమెంటు ఎలా పుట్టింది? రాజుల మంచితనం వల్ల కాదు, వాళ్ళకి డబ్బు అవసరమై. జాన్ 1204లో నార్మండీని పోగొట్టుకున్నాడు. దాన్ని తిరిగి గెలవాలని పన్నుల మీద పన్నులు వేశాడు. ప్రభువులు తిరగబడి, ఉమ్మడి సమ్మతి లేకుండా కొన్ని పన్నులు వేయకూడదని రాయించుకున్నారు. 1265లో సైమన్ డి మోంట్‌ఫోర్ట్ పెట్టిన సభకి పట్టణాల ప్రతినిధులు కూడా వచ్చారు. 1295లో యుద్ధ ఖర్చులు మీద పడ్డ మొదటి ఎడ్వర్డ్ కూడా అలాగే పిలిచాడు. అందరికీ సంబంధించిన దాన్ని అందరూ ఆమోదించాలి అన్న సూత్రం ఆ పిలుపులోనే ఉంది.

మనకి ఇంకా దగ్గరైనది 1217 నాటి అడవి చార్టర్. అప్పట్లో రాజుగారి అడవి అంటే చెట్లే కాదు, ఊళ్ళూ పొలాలూ కూడా ఆ హద్దులోకి వచ్చేవి. ఆయన జింకని చంపినందుకు ఇకమీద ప్రాణం గానీ, కాలుచేతులు గానీ తీయకూడదని ఆ చార్టర్ చెప్పింది. తమ తోపుల్లో పందుల్ని మేపుకునే హక్కు కూడా ఇచ్చింది, అయితే బానిసలు కాని వాళ్ళకి మాత్రమే.

మన దగ్గర తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునే హక్కుకి అలాంటి కాగితం 2006 అటవీ హక్కుల చట్టం. ఎవరికి ఏ హక్కుందో తేల్చే పని గ్రామసభతోనే మొదలవుతుంది. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఇక 1996 నాటి పెసా చట్టం ప్రకారం, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. సంప్రదించాలి అనే ఉంది, ఒప్పించాలి అని లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రకి వెళ్ళాయి. భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్ర అయింది. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేస్తే చాలు, ఆ ఊళ్ళని అడగక్కర్లేదు. ప్రాజెక్టు మంచిదా కాదా అని నేను వాదించట్లేదు. అడిగారా లేదా అన్నదే నా ప్రశ్న.

నేను చూసిన సభలో తీర్మానం ముందే రాసుకొచ్చి సంతకాలు పెట్టమన్నారు. ఒక పెద్దావిడ మాత్రం, "ముందు సదివి ఇనిపించు సారూ, ఆనక ఏలిముద్ర ఏస్తా" అంది. చదివితే జాబితాలో రెండు ఇళ్ళ పేర్లు లేవని తేలింది. అక్కడే రాసి చేర్చారు.

జాన్ దగ్గర ప్రభువులు కత్తులు పట్టుకుని అడిగింది కూడా ఇంచుమించు ఇదే. ఓటరు జాబితాలో పేరుంటే మనమూ గ్రామసభ సభ్యులమే. ఈసారి ఊరెళ్ళినప్పుడు సభ ఎప్పుడో కనుక్కోండి, వెళ్ళి కూర్చోండి.