సెప్టిక్ ట్యాంకు: కర్ర దిగాలి, మనిషి దిగకూడదు

ఇంట్లో పెళ్ళి. తెల్లవారితే చుట్టాలు దిగుతారు. సరిగ్గా అప్పుడే మరుగుదొడ్డి మొరాయించింది. నీళ్ళు పోస్తే కిందికి పోవటం లేదు. పైకి ఉబికి వస్తున్నాయి. ఇల్లంతా ఒకటే కంపు.

"ట్యాంకు నిండినట్టుంది. ఎప్పుడు తీయించామో గుర్తే లేదు" అన్నాడు ఇంటి పెద్ద. ఇద్దరు కూలీలను పిలిపించాడు. వాళ్ళు తాడు, బకెట్టు తెచ్చారు. మూత తీశారు. వాళ్ళలో చిన్నవాడు లుంగీ ఎగ్గట్టి దిగబోయాడు.

కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఆగు తమ్ముడూ! మామయ్యా, ఆ అబ్బాయిని దింపొద్దు. లోపల విషగాలి ఉంటుంది."

"ఏం కాదులేమ్మా. పోయినసారి దిగే తీశారు కదా!"

"పోయినసారి బతికి బయటపడ్డారు మామయ్యా. ఇప్పుడేమైనా అయితే వాళ్ళమ్మకు ఏం చెబుతాం?"

మామయ్య మాట్లాడలేదు. కాసేపు నిలబడిపోయాడు. తర్వాత కూలీలకు ఆ రోజు కూలి ఇచ్చి పంపాడు. పట్నం నుంచి పంపు ఉన్న బండిని పిలిపించాడు.

కోడలు చెప్పింది నిజమేనా? ట్యాంకులోకి విషగాలి ఎట్లా వస్తుంది? ట్యాంకు నిండుతోందని ముందే తెలుసుకోవటం ఎట్లా? తెలుసుకుందాం.

ట్యాంకులో ఏం జరుగుతుంది?

మరుగుదొడ్డి నుంచి వచ్చిన మలం, నీళ్ళు ట్యాంకులోకి పోతాయి. అక్కడ మూడు పొరలు ఏర్పడతాయి. బరువైనది అడుగుకు దిగుతుంది. అది మడ్డి. తేలికైనది, జిడ్డుగా ఉండేది పైన తేలుతుంది. అది తెట్టు. మధ్యలో ఉండేది తేరిన నీరు. ఈ నీరు మాత్రమే గొట్టం గుండా బయటి ఇంకుడు గుంతలోకి పోవాలి. ఇది చూడటానికి తేరినట్టున్నా మంచి నీరు కాదు. ఇందులో రోగాలు తెచ్చే క్రిములు ఉంటాయి. అందుకే ఇంకుడు గుంత బావికి, బోరుకు దూరంగా ఉండాలి.

అడుగున ఉన్న మడ్డిని కంటికి కనిపించని సూక్ష్మజీవులు కుళ్ళబెడతాయి. అందువల్ల మడ్డి కొంత తగ్గుతుంది. కానీ పూర్తిగా పోదు. ఏటేటా పేరుకుంటుంది. మడ్డి పెరిగితే నీటికి చోటు తగ్గుతుంది. మురికి తేరకుండానే ఇంకుడు గుంతలోకి పోతుంది. గుంత పూడుకుపోతుంది. చివరికి నీళ్ళు వెనక్కి తంతాయి. పెళ్ళింట్లో జరిగింది ఇదే.

విషగాలి ఎట్లా చంపుతుంది?

మడ్డి కుళ్ళేటప్పుడు వాయువులు పుడతాయి. వాటిలో ఒకటి హైడ్రోజన్ సల్ఫైడ్. అది కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. "వాసన వస్తే పైకి వచ్చేద్దాంలే" అనుకోవద్దు. ఈ వాయువు ఎక్కువగా ఉంటే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. మనిషి క్షణాల్లో స్పృహ తప్పి పడిపోతాడు. ప్రాణం పోతుంది.

ఇంకొకటి మీథేన్. ఇది మంట అంటుకునే వాయువు. కొందరు గాలి ఎట్లా ఉందో చూడటానికి దీపం వెలిగించి లోపలికి దింపుతారు. అది చాలా ప్రమాదం. ట్యాంకు పేలవచ్చు. మూత తీసిన చోట బీడీ కూడా కాల్చరాదు.

ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగుతారు. వాళ్ళూ పడిపోతారు. ఒకే ట్యాంకులో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు చనిపోయిన సంఘటనలు మన దేశంలో ఎన్నో జరిగాయి. ఎవరైనా లోపల పడిపోతే మీరు దిగకండి. వెంటనే 101కి ఫోన్ చేసి అగ్నిమాపక దళాన్ని పిలవండి. 108 అంబులెన్సును పిలవండి.

కర్రతో కొలవటం

ట్యాంకు నిండేదాకా ఆగనక్కర్లేదు. ఏడాదికొకసారి ఇలా కొలిచి చూడండి.

1. పిల్లలను దూరంగా పంపండి. ఇద్దరు పెద్దవాళ్ళు ఉండండి. గొట్టం లోపలికి వచ్చే వైపు మూత తీయండి. పక్కకు జరిగి కాసేపు ఆగండి. లోపలికి తొంగి చూడొద్దు.

2. పొడవాటి కర్ర తీసుకోండి. కింది భాగానికి పాత తెల్లటి తువ్వాలు చుట్టి గట్టిగా కట్టండి.

3. నిలబడే కర్రను మెల్లగా అడుగుదాకా దించండి. కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచండి. మెల్లగా పైకి తీయండి.

4. తువ్వాలు కింది భాగానికి నల్లగా అంటింది మడ్డి. అది ఎన్ని అంగుళాలో కొలవండి. కర్ర మొత్తం ఎంత తడిసిందో కూడా కొలవండి.

5. మూత మళ్ళీ గట్టిగా వేయండి. సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. కర్ర 54 అంగుళాలు తడిసింది. 54ను 3తో భాగిస్తే 18. మడ్డి 18 అంగుళాలకు చేరితే మూడో వంతు నిండినట్టు. ఇక తీయించాలి. మామూలుగా రెండు మూడేళ్ళకొకసారి తీయించాల్సి ఉంటుంది. తీయించిన తేదీని నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. గోడ మీద రాసినా సరే. అప్పుడు "గుర్తే లేదు" అనే మాట రాదు.

పంపు బండి ఎట్లా పనిచేస్తుంది?

పీల్చే గొట్టంతో కొబ్బరి నీళ్ళు తాగుతాం కదా! ఇదీ అంతే. బండి మీద మూసిన పెద్ద ట్యాంకు ఉంటుంది. పంపు అందులోని గాలిని బయటికి లాగేస్తుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడికి మడ్డి గొట్టం గుండా బండిలోకి ఎక్కుతుంది. మనిషి దిగే పనే లేదు. మడ్డి గట్టిపడి ఉంటే నీళ్ళు కొట్టి పలచన చేస్తారు. ట్యాంకును కడిగి పెట్టనక్కర్లేదు. అడుగున కొంచెం మడ్డి మిగిలితే మంచిదే. అందులోని సూక్ష్మజీవులు మళ్ళీ పనిలోకి దిగుతాయి. దొడ్లో యాసిడ్ ఎక్కువగా పోస్తే ఆ జీవులు చస్తాయి.

బండి అతన్ని ఒక మాట అడగండి: "ఇది ఎక్కడ పోస్తావు నాయనా?" కాల్వలోనో చెరువులోనో వదిలితే ఆ రోగం మళ్ళీ మన ఊరికే వస్తుంది. మడ్డిని శుద్ధి చేసే కేంద్రానికే చేర్చాలి. వరంగల్ నగరపాలక సంస్థ దీనికోసం 2016లోనే నియమాలు పెట్టింది.

చట్టం ఏమంటుంది?

2013లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషి చేత సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించటం నేరం. మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంటి యజమాని చేయించినా నేరమే. ఈ పనిలో చనిపోయిన వారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పోయిన మనిషిని ఏ డబ్బూ తిరిగి తేలేదు.

పెళ్ళింట్లో ఆ సాయంత్రమే బండి వచ్చింది. గంటలో పని అయిపోయింది. మామయ్య బొగ్గు ముక్క తీసుకున్నాడు. దొడ్డి గోడ మీద ఆ రోజు తేదీ రాశాడు. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. అయినా చదవటానికి వస్తున్నాయి.

ఆలోచించండి

1. మీ ఇంటి ట్యాంకును ఎప్పుడు తీయించారు? తేదీ రాసి పెట్టారా?

2. కర్ర 60 అంగుళాలు తడిసింది. మడ్డి ఎన్ని అంగుళాలకు చేరితే తీయించాలి?

3. మీ ఊళ్ళో ఎవరైనా మనిషిని ట్యాంకులోకి దింపుతుంటే మీరేం చేస్తారు?