ఈ రోజు మేలుకు ఈ రోజే

ఉద్యోగం వచ్చిందంటే కృతజ్ఞతా కూడిక. అబ్బాయికి వీసా వచ్చినా, అమ్మాయికి సుఖంగా కాన్పు అయినా అంతే. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు, మైకు, వాక్యం, సాక్ష్యం, ఆఖరున బిర్యానీ. తెలుగు క్రైస్తవ ఇళ్లకు బాగా తెలిసిన సందడి ఇది. మంచి ఆచారమే. కాకపోతే షామియానా వేయించేంత మేలు ఏడాదికి ఒకటో రెండో. మిగతా రోజుల్లో “ఈ దినమిచ్చినందుకు స్తోత్రం ప్రభువా” అని ఒక్క ముక్క అనేసి మనవుల చిట్టా విప్పుతాం.

బైబిల్లో లేవీయకాండం చదవాలంటే చాలామందికి బద్ధకం. రక్తం, కొవ్వు, మూత్రగ్రంథుల వివరాలు మరి! కానీ ఏడో అధ్యాయంలో ఒక నియమం ఉంది. కృతజ్ఞతగా అర్పించిన బలి మాంసాన్ని ఆ రోజే తినెయ్యాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. మొక్కుబడి బలి అయితే మర్నాడూ తినొచ్చు. దీనికి ఆ వెసులుబాటు లేదు. ఒక పశువు మాంసం, పైగా రొట్టెలు. ఒక్క కుటుంబం ఒక్క రోజులో ఎక్కడ తింటుంది? పదిమందిని పిలవక తప్పదు. మన బిర్యానీ సంగతి అలా ఉంచితే, నాకు ముఖ్యంగా తోచేది ఆ గడువే.

జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా ఆ గడువును దినచర్యలోకి తెచ్చాడనొచ్చు. 1548లో అచ్చయిన ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’లో ఆత్మపరిశీలనకు ఐదు మెట్లున్నాయి. మొదటి మెట్టు పాపాల లెక్క కాదు, అందుకున్న మేళ్లకు కృతజ్ఞత. తప్పులు వెతుక్కోవడం ఆ తర్వాతే. మన ప్రార్థనల్లో ఒక్క ముక్కకు కుంచించుకుపోయింది ఈ మొదటి మెట్టే.

మేలును పేరు పెట్టి చెప్పాలి. “సమస్త మేలులకు” అని చుట్టబెట్టేస్తే ఏదీ గుర్తులేనట్టే. 136వ కీర్తన చూడండి. 26 వచనాలు, ఒకటే పల్లవి. ఆ పల్లవికి ముందు సూర్యుడు, చంద్రుడు, ఎర్రసముద్రం, చివరికి ఓడిపోయిన ఓగు రాజు పేరు కూడా వస్తుంది.

అలాగని దుఃఖంలో ఉన్నవాళ్లను తొందరపెట్టకూడదు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే “అన్నిటికీ స్తోత్రం చెప్పమ్మా” అనే పెద్దలున్నారు. అది విశ్వాసం కాదు, మొరటుతనం. లాజరు సమాధి దగ్గర యేసు ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. తండ్రికి కృతజ్ఞత చెప్పింది ఆ తర్వాత.

మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు ఈ రోజువారీ కృతజ్ఞతను ఏకంగా వంటింట్లో పెట్టేశారు. 1910 నుంచీ అక్కడ ఎసట్లోకి బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుడికని వేరే పెడతారు. చర్చి దాన్ని పోగుచేసి అమ్మి, ఆ డబ్బును సేవకు వాడుతుంది. మన పల్లె సంఘాలకూ పిడికెడు బియ్యం కొత్త కాదు. కుక్కర్లో గ్లాసుతో కొలిచి పోసే ఫ్లాట్లలోనే ఆ అలవాటు కనబడదు.

అలాంటి ఇళ్లలో కుటుంబ ప్రార్థన ఉంది కదా. మనవులకు ముందు ఒక్కొక్కరూ ఆ రోజు జరిగిన మేలు ఒకటి చెప్పాలి, నిన్నటిది చెల్లదు. మొదట్లో పిల్లలు “అమ్మ, నాన్న” అని అప్పజెబుతారు. నాలుగు రోజులు పోయాక “ఇవాళ లెక్కల సారు రాలేదు, స్తోత్రం” అంటారు. అననివ్వండి.