గోల ఫ్యానుది... నెపం గ్యాసు మీద!

పిడుగురాళ్ల: ఎండలు ముదిరాయంటే పల్నాడులో బండికి ఏసీ విలాసం కాదు, అవసరం. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలిసిందే. గుంటూరు ఆసుపత్రికి రోగిని చేర్చే అద్దె కారుకూ, పెళ్లివారిని మోసే పెద్ద బండికీ ఇప్పుడు ఏసీ ఉంటోంది. ఆ ఏసీ వేయగానే డాష్‌బోర్డు లోపలి నుంచి టకటకమనో కీచుమనో చప్పుడు మొదలైతే డ్రైవరు గుండెల్లో రాయి పడుతుంది. షెడ్డులో ఎంత అడుగుతారో, బండి ఎన్నాళ్లు నిలిచిపోతుందోనని బెంగ. కిరాయి లేని రోజైనా వాయిదా ఆగదు గదా.

చప్పుడు వినగానే "గ్యాసు అయిపోయింది" అనేవారు కొందరు. "మొత్తం యూనిట్ మార్చాలి" అనేవారు మరికొందరు. నిజానికి గ్యాసు తగ్గితే చల్లదనం తగ్గుతుంది. దానివల్ల ఫ్యాను టకటకలాడదు. ఫ్యాను గోలలో చాలావాటికి కారణం ఒక ఎండుటాకో, ఎలుక తెచ్చి పెట్టిన దూదో, అరిగిన బుష్‌షో అయి ఉంటుంది. అది కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చెవి, ఓపిక ఉంటే చాలు.

మూడు చోట్ల చప్పుడు

ఏసీ బండిలో చప్పుడు పుట్టే చోట్లు ముఖ్యంగా మూడు. ఒకటి బ్లోయరు. ఇది ఎడమ సీటు ముందు, కాగితాలు పెట్టుకునే పెట్టె కింద ఉండి లోపలికి గాలి కొడుతుంది. రెండోది బండి ముక్కు దగ్గర, రేడియేటరును ఆనుకుని తిరిగే కండెన్సరు ఫ్యాను. మూడోది అసలు ఫ్యానే కాదు. ఇంజనుకు బెల్టుతో బిగించిన కంప్రెసరు, దాని పక్కనున్న కప్పీలు. ఈ మూడింటిలో ఏది అరుస్తోందో తేల్చకుండా స్పానరు పట్టుకుంటే డబ్బు వృథా.

కూర్చున్న చోటే పరీక్ష

ముందుగా ఇంజను స్టార్టు చేయకుండా తాళం తిప్పి కరెంటు మాత్రం ఆన్ చేయాలి. ఏసీ బటన్ నొక్కకుండా బ్లోయరును ఒకటో నంబరు నుంచి నాలుగో నంబరు దాకా పెంచాలి. ఇంజను హోరు ఉండదు కనుక చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. నంబరుతో పాటు గోల పెరిగితే దోషం బ్లోయరుదే.

బ్లోయరు నిశ్శబ్దంగా తిరిగితే ఇంజను స్టార్టు చేసి, బ్లోయరును ఒకటో నంబరులో ఉంచి ఏసీ వేయాలి. బానెట్ ఎత్తి, చేతులు దూరంగా ఉంచి వినాలి. ముందు ఫ్యాను తిరిగినప్పుడల్లా చప్పుడు వచ్చి, అది ఆగగానే ఆగితే కండెన్సరు ఫ్యానును అనుమానించాలి. ఏసీ ఆపినా చప్పుడు వదలక, యాక్సిలరేటరు తొక్కేకొద్దీ పెరిగితే బెల్టు, కప్పీల బేరింగులు చూడాలి. ఏసీ వేసినప్పుడే వచ్చి ఇంజను వేగంతో పెరిగితే కంప్రెసరు వైపు చూడాలి. అది తెలిసిన మెకానిక్కు పని.

చప్పుడును బట్టి జబ్బు

బ్లోయరు టకటకమంటే చక్రంలో ఆకో, పుల్లో, కాగితమో చిక్కిందని అర్థం. కీచుమంటే, ముఖ్యంగా తెల్లవారి మొదటిసారి వేసినప్పుడు, బుష్ ఎండిపోయింది. దడదడమని డాష్‌బోర్డు అదిరితే చక్రానికి ఒకవైపు మట్టి పేరుకుంది, లేదా రెక్క విరిగింది. మలుపు తిరిగేటప్పుడు మాత్రమే రాసుకుంటున్నట్టు వినిపిస్తే ఇరుసు వదులైంది. హోరు ఎక్కువై గాలి తక్కువైతే ఫిల్టరు పూడిపోయింది.

పల్నాడులో ఈ జబ్బులకు కొదవ లేదు. సున్నపు బట్టీల పొడి ఒకవైపు, పత్తి నూగు మరోవైపు. మధ్యాహ్నం బండిని చింతచెట్టు నీడన పెడితే రాలిన ఆకులు అద్దం కింది జాలీలోంచి దూరి బ్లోయరులో పడతాయి. ధాన్యం బస్తాల పక్కన పెడితే ఎలుకలు గూడు కడతాయి.

విప్పే పద్ధతి

తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ వైపున ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు ఉండవచ్చు. పసుపు రంగు తీగలు, సాకెట్లు దానివే కనుక ముట్టుకోరాదు. చాలా కార్లలో కాగితాల పెట్టె ఊడదీస్తే ఫిల్టరు, దాని దిగువన బ్లోయరు కనిపిస్తాయి. సాకెట్ లాగి, స్క్రూలు విప్పితే మోటారు, చక్రం కలిసి కిందికి వస్తాయి. గ్యాసు గొట్టాలు ఎక్కడా విప్పనక్కర్లేదు. బ్లోయరు తీయడానికి గ్యాసు వదలాలని ఎవరైనా అంటే ఎందుకని అడగాలి.

చెత్త తీసి మెత్తటి కుంచెతో తుడవాలి. మోటారుకు నీళ్లు తగలకూడదు. ఎలుక పెంటికలుంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతో ఎత్తాలి. చక్రానికి చిన్న ఇనుప క్లిప్పులుంటే పీకకూడదు. అవి తూకం సరిచూసి పెట్టినవి. చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పక్కకు ఊగకూడదు. ఊగకుండా కీచుమంటుంటే బుష్ దగ్గర ఒక్క చుక్క మిషను నూనె వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. ఊగితే నూనె దండగ, మోటారు మార్చాల్సిందే. కాగితం ఫిల్టరును కడగరాదు, కొత్తది వేయాలి. దాని మీది బాణం గుర్తు చూసి పెట్టాలి.

ముందు ఫ్యానుతో జాగ్రత్త

కొన్ని బండ్లలో ముందు ఫ్యాను తాళం తీసినా తనంతట తానే తిరుగుతుంది. వేళ్లు పోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీగ తీయకుండా చేయి పెట్టకూడదు. ఈ ఫ్యాను చప్పుడును తేలిగ్గా తీసుకోరాదు. చాలా కార్లలో ఇంజనును చల్లబరిచేదీ ఇదే. బేరింగు పట్టేసి ఫ్యాను ఆగితే రద్దీలో ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది. అప్పుడు ఖర్చు ఫ్యాను ధరతో ఆగదు. కండెన్సరు కడిగేటప్పుడు సర్వీసు పైపు జోరు దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగి గాలికి దారి మూసుకుపోతుంది.

ఫ్యూజు బదులు తీగా?

బిగుసుకున్న మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. ఫ్యూజు పోవడం, రెసిస్టరు కాలి నాలుగో నంబరులో తప్ప బ్లోయరు తిరగకపోవడం దీనివల్లే కావచ్చు. అప్పుడు పెద్ద ఫ్యూజు వేసినా, తీగ ముక్క చుట్టినా ఫ్యూజుకు బదులు తీగలు కాలతాయి. బండికే నిప్పు అంటుకోవచ్చు. మోటారు బాగుచేయకుండా రెసిస్టరు ఒక్కటే మారిస్తే అది మళ్లీ కాలుతుంది.

ఇక లారీలకూ

ఈ సంగతులు లారీ డ్రైవర్లకూ అవసరమే. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. చాలా లారీలకు 24 వోల్టుల కరెంటు. కార్లకు 12 వోల్టులు. దుకాణంలో దొరికింది గదా అని కారు మోటారును అలాంటి లారీకి బిగిస్తే మాడిపోతుంది.

సున్నపు పొడి రేగే దారుల్లో గాలి లోపలే తిరిగే మీట వేసుకోవడం, అద్దం కింది జాలీలో ఆకులు వారానికోసారి ఏరడం, వేసవికి ముందే ఫిల్టరు చూడటం ఖర్చు లేని వైద్యం. షెడ్డుకు వెళ్లినా చప్పుడు ఏ నంబరులో, ఎప్పుడు వస్తోందో చెప్పి, పాత భాగం చూపించమని అడిగి తీసుకోవాలి. చప్పుడు చిన్నగా ఉన్నప్పుడే చూసుకుంటే గోటితో పోతుంది. రేడియో పెంచి చప్పుడు వినపడకుండా చేసుకుంటే గొడ్డలి దాకా వస్తుంది.