దూరవైద్య సంభాషణలో మాట వినబడనప్పుడు

వైద్యుని యెదుటికి వచ్చిన రోగి మొదట చేయు పని తన బాధను చెప్పుకొనుట. వైద్యుడు మొదట చేయు పని దానిని వినుట. నాడి చూచుట, రక్తపుపోటు కొలుచుట, పరీక్షలు వ్రాయుట, ఇవన్నియు ఆ తరువాతివి. రోగి యొక ఊరను, వైద్యుడు వేరొక ఊరను ఉండి, తెరమీద ఒకరినొకరు చూచుకొనుచు మాటాడు దూరవైద్యమునందు ఈ నియమము మరింత ముఖ్యమైనది. ఏలయన, అచ్చట వైద్యుడు రోగిని తాకి చూడజాలడు. మాటయే అతనికి ప్రధానాధారము.

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ 2019 నవంబరులో ఈ-సంజీవని సేవను ప్రారంభించినది. గ్రామములలోని ఆరోగ్య కేంద్రములను దూరముననున్న వైద్యులతో కలుపుట దాని తొలి ఉద్దేశము. 2020 మార్చి 25వ తేదీన దూరవైద్యమునకు మార్గదర్శక సూత్రములు వెలువడినవి. కోవిడ్ కారణమున ఆసుపత్రులకు పోవుట దుర్ఘటమైన ఆ కాలమున, అదే సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన, రోగి తన యింటనుండియే వైద్యునితో మాటాడు ఏర్పాటు అమలులోనికి వచ్చినది. 2023 ఫిబ్రవరి నాటికి ఈ సేవ ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటినవి. ఇట్టి సంభాషణలలో తరచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. బొమ్మ కనబడుచుండును, పెదవులు కదలుచుండును, కాని మాట వినబడదు.

చిత్రముకంటె శబ్దము ముఖ్యము

తెరమీది బొమ్మ కొంత మసకబారినను సంప్రదింపు సాగును. మాట చెడినచో ప్రమాదము కలుగవచ్చును. తెలుగున వాక్యార్థమును తేల్చు పదము సాధారణముగా వాక్యము చివర వచ్చును. "జ్వరం తగ్గింది" అనుటకును, "జ్వరం తగ్గలేదు" అనుటకును గల భేదమంతయు తుది అక్షరములలోనే ఉన్నది. మాటాడువారి గొంతు సహజముగా తగ్గునదియు అచ్చటనే. ఆ అక్షరములు దారిలో జారిపోయినచో వైద్యునికి విపరీతార్థము తోచవచ్చును. అట్లే వైద్యుడు "అర మాత్ర" అని చెప్పగా రోగికి "ఆరు మాత్ర" అని వినబడినచో ఫలితమేమగునో చెప్పనక్కరలేదు. కావున మాట సరిగా వినబడునట్లు చూచుకొనుట చికిత్సలో భాగమేయని గ్రహింపవలెను.

మాట పయనించు తీరు

ఫోనులోని మైకు గాలిలోని కంపనములను విద్యుత్తుగా మార్చును. యంత్రము ఆ విద్యుత్తును అంకెలుగా కొలిచి, చిన్న చిన్న తునకలుగా కట్టి పంపును. సాధారణముగా ఒక్కొక్క తునకలో సెకనునందు 50వ వంతు కాలపు మాట ఇమిడియుండును. అవతలి యంత్రము ఆ తునకలను వరుసగా కూర్చి, స్పీకరు ద్వారా మరల ధ్వనిగా మార్చును. కావున దోషము మైకునందు, యంత్రపు అమరికలో, ప్రసార మార్గమున, అవతలి స్పీకరునందు, ఈ నాలుగింటిలో ఎచ్చటనైన ఉండవచ్చును. తోచిన మీటనెల్ల నొక్కక, ఒక్కొక్క దానినే వరుసగా పరీక్షించుట మేలు.

దోషము ఎవరి వైపున ఉన్నది?

రోగి మాట వైద్యునికి వినబడనిచో, రోగి మైకునో, వైద్యుని స్పీకరునో అనుమానింపవలెను. వైద్యుని మాట రోగికి వినబడనిచో దీనికి తారుమారు. రోగి తన ఫోనులోని రికార్డరునందు నాలుగు మాటలు పలికి, తిరిగి వినవలెను. అవి స్పష్టముగా వినబడినచో మైకు బాగుగానే ఉన్నది. దోషము యాప్ అమరికలోనో, అంతకు ముందుకో ఉన్నదని తేలును. ఈ పరీక్షకు ఒక్క నిమిషము చాలును. సంప్రదింపునకు పది నిమిషములు ముందుగా దీనిని చేసికొన్నవారికి వైద్యుని యెదుట తడబాటు ఉండదు.

వరుసగా చూడవలసినవి

మొదట తెరమీది మైకు గుర్తును చూడవలెను. దానిపై అడ్డగీత ఉన్నచో మాట ఆపివేయబడినదని అర్థము. ఒకసారి తాకినచో గీత తొలగును.

రెండవది అనుమతి. యాప్ లేక బ్రౌజరు మొదటిసారి తెరచినపుడు, మైకును వాడుకొనవచ్చునా యని అడుగును. తొందరలో "వద్దు" అని తాకినవారికి అది మరల అడుగకపోవచ్చును. అట్టివారు సెట్టింగులలో ఆ యాప్ పేరు వెదకి, మైకునకు అనుమతి నీయవలెను. 2021లో వెలువడిన ఆండ్రాయిడ్ 12 మొదలుకొని, అన్ని యాప్‌లకు ఒక్కమారే మైకును ఆపివేయు మీటయు ఫోనులలో ఉన్నది. పిల్లల చేతిలో ఆడిన ఫోనైనచో దానినిగూడ చూచుట మంచిది.

మూడవది, మైకు వేరొకరి అధీనమున ఉన్నదేమో చూడవలెను. ప్రక్కగదిలో పెట్టిన బ్లూటూత్ ఇయర్‌ఫోను ఇంకను ఫోనుతో కలిసియున్నచో, మాటయంతయు దానిలోనికే పోవుచుండును. బ్లూటూత్‌ను ఆపివేయగనే ఫోను మైకు మరల పనిచేయును. వేరొక వీడియో సంభాషణ యాప్ తెరచియున్నను ఇట్టి చిక్కే కలుగవచ్చును. దానిని మూసివేయవలెను.

నాలుగవది, మైకు రంధ్రము. ఇది చాల ఫోనులలో అడుగు అంచున ఉండును. ఫోనును అడ్డముగా పట్టుకొన్నపుడు అరచేయి దానిని కప్పివేయుట కద్దు. తొడుగు అడ్డుపడవచ్చును, ధూళి పేరుకొనవచ్చును. పొడి మెత్తని కుంచెతో తుడువవలెను. సూదితో గాని నీటితో గాని శుభ్రము చేయరాదు.

ఆరోగ్య కేంద్రములలోని కంప్యూటర్లకు మరియొక చిక్కు కలదు. వెబ్‌క్యామ్‌లో ఒక మైకు, హెడ్‌ఫోనులో ఒక మైకు, కంప్యూటరులోనే మరియొకటి ఉండవచ్చును. రోగి ఒకదాని ముందు మాటాడుచుండగా, యంత్రము మరియొకదానిని వినుచుండును. ధ్వని అమరికలలో ఏ మైకు ఎన్నుకొనబడినదో సిబ్బంది చూడవలెను. విడివిడి తీగెలుగల హెడ్‌ఫోనైనచో గులాబిరంగు రంధ్రము మైకునకు, ఆకుపచ్చ రంధ్రము స్పీకరునకు చెందినవని గుర్తుంచుకొనవలెను. ఇన్నిటివలనను గుణము కనబడనిచో, యాప్‌ను మూసి, యంత్రమును ఒకసారి ఆపి, మరల తెరువవలెను.

ప్రతిధ్వనియు, తెగిపోవు మాటయు

తన మాటయే తనకు కొంత ఆలస్యముగా మరల వినబడుచున్నచో, సాధారణముగా దోషము అవతలివైపున ఉండును. అచ్చటి స్పీకరునుండి వెలువడిన ధ్వనిని అచ్చటి మైకు తిరిగి గ్రహించుచున్నదన్నమాట. వారు స్పీకరు శబ్దమును తగ్గించినను, ఇయర్‌ఫోను పెట్టుకొన్నను ఇది పోవును. ఒకే గదిలో రెండు ఫోనులతో ఒకే సంభాషణలో చేరినను కీచుమను ధ్వని పుట్టును. వానిలో ఒకదానిని ఆపివేయవలెను.

మాట ముక్కలు ముక్కలుగా వచ్చుచున్నచో, ప్రసార మార్గమున తునకలు ఆలస్యమగుటయో, పోవుటయో జరుగుచున్నదని గ్రహింపవలెను. కిటికీ దగ్గరకో, ఆరుబయటకో పోయి, సిగ్నలు బలముగానున్న చోట నిలువవలెను. ఇంటిలో ఇతరులు సినిమాలు చూచుచున్నచో కొంతసేపు ఆపుమని కోరవలెను. మాటకు కావలసిన ప్రసారశక్తి సాధారణముగా చిత్రమునకు కావలసినదానిలో పదవ వంతైనను ఉండదు. కాన వైద్యునితో చెప్పి, కెమెరాను కొంతసేపు ఆపినచో, మాట కుదుటపడవచ్చును. పుండు, దద్దురు వంటివి చూపవలసినపుడు మరల తెరువవచ్చును.

గది నిశ్శబ్దముగా ఉండవలెను

మైకునకు నోటికి గల దూరము రెట్టింపైనచో, దానిని చేరు శబ్దతీవ్రత నాల్గవ వంతునకు తగ్గును. అందుచేత ఫోనును మూరెడు దూరముననే ఉంచుకొనవలెను. టెలివిజనును, మిక్సీని ఆపవలెను, ఫ్యాను గాలి మైకునకు సూటిగా తగులరాదు. నేటి యాప్‌లు ఎడతెగని రొదను తామే తగ్గించును. కాని ఆ ఏర్పాటు నీరసించిన గొంతును, ఉబ్బసపు పిల్లికూతనుగూడ రొదయని భ్రమించి అణచివేయవచ్చును. కావున ఊపిరిలో కూత వచ్చుచున్నదని, దగ్గుచుండగా కఫము పడుచున్నదని మాటలలో చెప్పవలెను. వైద్యుడు వినియుండునని ఊరకుండరాదు.

ఇయర్‌ఫోను పెట్టుకొన్నచో మరియొక మేలు కలదు. స్త్రీలు గాని యువకులు గాని నలుగురిలో చెప్పుకొనలేని బాధలకు వైద్యుడు చెప్పు సమాధానము ఇరుగుపొరుగున వినబడదు. చెవుడుగల వృద్ధుల తరఫున ఇంటివారొకరు ప్రక్కన కూర్చుండి, ప్రశ్నను వారికి బిగ్గరగా తిరిగి చెప్పవచ్చును.

వినబడనిదానికి తల ఊపరాదు

వైద్యుని పలుమార్లు అడుగుట అమర్యాదయని తలచి, వినబడకున్నను "సరేనండీ" అనువారు మనలో పెక్కురు. ఇది తగదు. "డాక్టరుగారూ, వినబడలేదు, మరల చెప్పండి" అనుటలో తప్పేమియు లేదు. మందు పేరు, ఎంత మోతాదు, ఏ పూట, ఎన్ని దినములు, ఈ నాలుగింటిని రోగి తిరిగి పలికి, వైద్యునిచే ఔననిపించుకొనవలెను. తరువాత ఫోనునకు వచ్చిన మందుల చీటితో సరిచూచుకొనవలెను. భేదమున్నచో మందు వేసికొనుటకు ముందే విచారింపవలెను.

ఎంత యత్నించినను మాట కుదరనిచో, ఆ సంప్రదింపును మానుకొని వేరొకమారు ప్రయత్నించుటకు గాని, సమీప ఆసుపత్రికి పోవుటకు గాని రోగికి హక్కు కలదు. మార్గదర్శక సూత్రములు దీనిని స్పష్టముగా గుర్తించినవి. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవుట, స్పృహ తప్పుట, అధిక రక్తస్రావము వంటి ఆపదలలో మాత్రము మైకును సరిచేయుచు ఒక్క నిమిషమైనను జాగుచేయరాదు. వెంటనే 108కి ఫోనుచేసి రోగిని ఆసుపత్రికి చేర్పవలెను.

యంత్రము ఎంతటిదైనను అది మాటను మోయు వాహనము మాత్రమే. చెప్పినది చేరినదో లేదో విచారించు బాధ్యత చెప్పువారిది, వినువారిది. ఈ శ్రద్ధ ఉన్నచోట దూరము చికిత్సకు అడ్డు కాజాలదు.